పోయినవారి పాలు

దంతెవాడ నుంచి బచేలీకి పోయే దారిలో గామవాడ అనే చిన్న గ్రామమున్నది. ఆ ఊరి పొలిమేరలో, చెట్ల నడుమ, నిలువునా పాతిన రాళ్ళు కొన్ని కనిపిస్తాయి. వానిలో మనిషికంటె ఎత్తయినవి ఉన్నాయి. మోకాలిదాకా మాత్రమే వచ్చేవీ ఉన్నాయి. వానిమీద ఉలి తాకిన జాడ లేదు, అక్షరం లేదు, పేరు లేదు. కేంద్ర పురావస్తుశాఖవారు తమ రక్షణలోనికి తీసుకొని ఒక పలకను నాటినారు గనుక ఇవి సామాన్యమైన బండలు కావని దారినపోయేవారికి తెలుస్తుంది. ఆ పలకను తీసివేస్తే తెలిసేది ఆ ఊరివారికి మాత్రమే. ఎదుట బైలడీలా కొండలు. ఆ కొండల ఇనుపరాయి 1960ల నాటినుంచీ రైలెక్కి విశాఖపట్టణానికి వస్తూ, అక్కడ ఓడ లెక్కి జపాను మొదలైన దేశాలకు పోతూ ఉన్నది. కొండలు కదిలిపోతున్న ఆ చోట, మనుష్యులు నిలబెట్టిన ఈ రాళ్ళు మాత్రం ఎక్కడివక్కడనే ఉన్నాయి.

నేను అక్కడికి పోయిన దినాన ఒక వృద్ధుడు పశువులను తోలుకొనిపోతూ ఆగినాడు. ఆయనది గోండీ, నాది తెలుగు, ఇద్దరికీ నడుమ హిందీ. "దాదా, ఇవి ఎవరివి?" అని అడిగినాను. ఆయన చేతికఱ్ఱతో ఒక్కొక్క రాతినీ చూపుతూ ఇది ఫలానావారి తాతది, ఇది ఫలానావారి పెద్దనాన్నది అని చెప్పుకొనిపోయినాడు. కొంతదూరం పోయిన తరువాత పేర్లు ఆగిపోయినాయి. "వీళ్ళు మా పెద్దలు, అంతే" అన్నాడు. పిదప నా వంక చూచి, "మీ తండ్రి రాయి ఎక్కడ ఉన్నది?" అని అడిగినాడు. మాలో దహనం చేస్తారనీ, అస్థికలను రాజమహేంద్రవరంలో గోదావరిలో కలిపినామనీ, రాయి లేదనీ చెప్పినాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, "మరి మీరు ఎక్కడికి పోతారు?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయినది. ఈ వ్యాసం ఆ ప్రశ్నవల్ల పుట్టినదే.

ముందు ఒక మాటను గురించి చెప్పవలె. అనువాదకునికి మాటలతోనే గదా పని. హిందీ గ్రంథాలలో ఈ రాళ్ళను 'మృతక్ స్తంభ్' అంటారు. దీనిని తెలుగు చేయబోయి చాలాసేపు తికమకపడ్డాను. 'సమాధిరాయి' అందామంటే, శవం వేరొకచోట కాలిపోయి ఉండవచ్చును, రాయి ఇంకొకచోట నిలిచి ఉండవచ్చును. 'వీరగల్లు' అనడానికి మనసు ఒప్పలేదు. మన పల్నాటిలోను, రాయలసీమలోను, తెలంగాణంలోను వీరగల్లులు కోకొల్లలుగా ఉన్నవి గాని, అవి యుద్ధంలోనో, పశువుల మందను కాపాడబోయియో, పులితో పోరాడియో మరణించినవారివి. మాడియావారి రాయికి అటువంటి అర్హత ఏదీ అక్కరలేదు. దున్ని, తిని, నాట్యమాడి, ముసలివాడై మంచంమీద పోయినవానికీ రాయి ఉన్నది. స్థానికంగా దీనిని 'ఉరస్కల్' అంటారు. అందులోని 'కల్' మనదే: సన్నెకల్లులో ఉన్న కల్లు, వీరగల్లులో ఉన్న గల్లు. కనుక ఆ మాటను అనువదించకుండానే ఉంచినాను. చుట్టాన్ని దుబాసీ పెట్టుకొని పలకరించడమెందుకు?

బస్తరు మనకు పరాయిదేశం కాదు. 1323లో ఓరుగల్లు పడిపోయిన తరువాత ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి రాజ్యం నెలకొల్పినాడని అక్కడి రాజవంశపు కథ. కోంట, భోపాలపట్టణం ప్రాంతాలలో ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది. గోదావరికి ఈవల మేడారంలో రెండేండ్ల కొకమారు మాఘమాసంలో లక్షలాది జనం కొలిచే సమ్మక్క, సారలమ్మలు కాకతీయ సైన్యంతో పోరాడి మరణించినారని కోయల గాథ. ఆ జాతరకు బస్తరు నుంచి కూడ కోయలు తరలివస్తారు. చంపినవారి వంశం నదికి ఆవల సింహాసనమెక్కినది, చనిపోయినవారు ఈవల దేవతలైనారు. చరిత్రలో ఇటువంటివి జరుగుతూ ఉంటాయి.

మాడియాల అంత్యక్రియలను గురించి గ్రిగ్‌సన్ 1938లో ప్రకటించిన గ్రంథంలోను, ఎల్విన్ 1940లలో వ్రాసిన గ్రంథాలలోను విస్తారంగా ఉన్నది. నన్ను ఆకర్షించినవి రెండు మూడు సంగతులు. రాయిని తెచ్చి నిలబెట్టేది కొడుకు ఒక్కడే కాదు. ఊరంతా కదిలి రావలె. బలి ఇచ్చిన పశువు తోకను ఆ రాతిచెంతనే వ్రేలాడగట్టేవారు. పోయినవాడు తృప్తి చెందితే రాయి పెరుగుతుందనే నమ్మికను పాత పరిశీలకులు నమోదు చేసినారు. ఎవరి రాయి పెరిగినదో, ఎవరిది కుంగినదో ఊరందరికీ కనిపిస్తూనే ఉంటుంది గదా! కొన్నిచోట్ల రాతికి మారుగా చెక్కిన కొయ్యస్తంభాలు నిలుపుతారు. దిల్‌మిలీలో అటువంటిది ఒకటి పురావస్తుశాఖ రక్షణలో ఉన్నది. ఇటీవల సిమెంటు దిమ్మెలు వచ్చినాయి. వానిమీద రంగులతో బొమ్మలు: డోలు వాయించేవాడు, కొమ్ముల తలపాగా ధరించి ఆడేవాడు, వేటకాడు, మోటారుసైకిలు, ఒకచోట విమానం. ఇది కళాభ్రష్టత్వమని వాపోయే విద్వాంసులున్నారు. నాకట్లా తోచలేదు. ఆ మనిషి బ్రతికియున్నప్పుడు ఇష్టపడినది మోటారుసైకిలే అయితే, చనిపోయిన తరువాత దానిని కాదని డోలును అంటగట్టడానికి మనమెవ్వరము?

రాయి మాట అట్లా ఉంచి, భాద్రపదంలో జరిగే నయాఖానీని చూడండి. కొత్త బియ్యం ఇంటికి వస్తుంది. ఆకలి ఎంత ఉన్నా మొదటి ముద్ద ఇంటివారిది కాదు. పెద్దలకు సమర్పించినదాకా ఎవరూ నోట పెట్టరు. ఇంచుమించు ఆ రోజులలోనే మన ఇండ్లలో మహాలయపక్షం వస్తుంది. దానికి నెల ముందో, కొంచెం అటూ ఇటూగానో, చీనాదేశపు ఏడవ నెల పౌర్ణమినాడు ప్రేతలకు అన్నం పెట్టే పండుగ జరుగుతుంది. వసంతంలో, ఏప్రిల్ 4, 5 తేదీలలో, ఛింగ్‌మింగ్ అనే పండుగనాడు చీనావారు సమాధులను ఊడ్చి, గడ్డి పీకి, అన్నమూ పండ్లూ పెట్టి వస్తారు. మూఢాచారమని దానిని అణచివేసిన ప్రభుత్వమే 2008 నుంచి దానికి సెలవు ప్రకటించినది.

ఇన్ని జాతులవారు, ఒకరినొకరు అడగకుండానే, పోయినవారికి పాలు తీసిపెట్టినారు. ఈ పాలు ఎవరికి చేరుతున్నవి?

చేరవని చెప్పినవారు మనలో తక్కువేమీ లేరు. రామాయణంలో జాబాలి రాముని ఎదుట నిలబడి శ్రాద్ధం అన్నానికి దండుగ అన్నాడు: ఒకడు తిన్నది మరియొకని కడుపు నింపేటట్లయితే, ప్రయాణం పోయేవానికి చద్దిమూట కట్టడమెందుకు, ఇంటివద్దనే శ్రాద్ధం పెడితే చాలదా అని. చార్వాకుల నోటకూడ ఇదే యుక్తి. వేమన మరింత కటువుగా, పెంట తినే కాకి పితరుడెట్లా అయినదని అడిగినాడు. ఈ యుక్తికి నేటివరకు ఎవరూ సమాధానం చెప్పలేదనే నా అభిప్రాయం. రాముడు కోపగించినాడు గాని, కోపం సమాధానం కాదు.

నేను కూడ ఆ పక్షంవాడనే. మా తండ్రిగారు పోయిన తరువాత ఆరేండ్లు ఆబ్దికం పెట్టినాను. ఏడవ ఏట, ఉద్యోగరీత్యా ఉత్తరాదిన ఉండి, సెలవు దొరకలేదన్న సాకుతో మానివేసినాను. నిజానికి సెలవు అడగనే లేదు. మా అమ్మకు ఉత్తరం వ్రాస్తూ వేమనను సాక్షిగా తెచ్చుకొన్నాను. ఆమె జవాబులో తర్కమేమీ లేదు: "నీ చదువు నాకు తెలియదు నాయనా. ఆ పూట ఆయన విస్తరి వెయ్యకపోతే ఇంట్లో ఒకరు తక్కువైనట్లున్నది. అందుకని నేనే వేసినాను" అని మాత్రం వ్రాసినది. ఆడది విస్తరి వేయడం శాస్త్రసమ్మతమా కాదా అన్న విచారణ ఆమె చేయలేదు.

కన్ఫ్యూషియస్‌ను ఒక శిష్యుడు ప్రేతాత్మలను సేవించడమెట్లా అని అడిగితే, బ్రతికినవారినే సేవించడం చేతకాని నీకు ఆ విచారమెందుకని ఆయన మందలించినాడట. పితరులకు బలి అర్పించేటప్పుడు వారు ఎదుట ఉన్నట్లే అర్పించవలెనని కూడ ఆయన చెప్పినాడు. ఉన్నారని కాదు, ఉన్నట్లు. ఈ 'అట్లు'లో ఎంత ఉన్నదో చూడండి. జాబాలి ప్రశ్న దీనికి తగలనే తగలదు. ఎందుకంటే, అన్నం చేరుతుందని ఇక్కడ ఎవరూ అనలేదు.

కాని ఆ గురువు మాటలలో నన్ను ఎక్కువగా బాధించిన సంభాషణ మరొకటి ఉన్నది. తల్లిదండ్రులు పోతే మూడేండ్లు శోకదీక్ష పాటించడం అధికమని, ఏడాది చాలునని త్సైవో అనే శిష్యుడు వాదించినాడు. ఏడాది కాగానే మంచి అన్నం తిని పట్టుబట్టలు కట్టితే నీ మనస్సు కుదుటగా ఉంటుందా అని గురువు అడిగినాడు. ఉంటుందన్నాడు శిష్యుడు. ఉంటే అట్లాగే చెయ్యి అన్నాడు గురువు. అతడు వెళ్ళిపోయిన తరువాత మాత్రం మిగిలినవారితో, బిడ్డ పుట్టి మూడేండ్లు గడిస్తే గాని తల్లిదండ్రుల ఒడి దిగడు, ఈతనికి ఆ మూడేండ్ల ప్రేమ దొరకలేదా యేమి అని బాధపడినాడు. సెలవు అడగని కొడుకుగా నేను దీనిని చదివినప్పుడు తలవంచుకొన్నాను. అయినా ఒక సందేహం వదలలేదు. ధర్మానికి కొలబద్ద మనస్సులోని కలతయే అయితే, కలత పడని మొద్దుకు ఏ ఋణమూ లేదన్నమాటేనా? మనస్సు మొద్దుబారినకొద్దీ అప్పు తీరిపోతుందా?

గామవాడ రాళ్ళు ఇక్కడ నాకు సహాయం చేసినాయి. అక్కడ కొడుకు హృదయం ఎట్లా ఉన్నదని ఎవరూ అడగరు. ఊరు వస్తుంది, రాయిని మోస్తుంది, నిలుపుతుంది. కొడుకు ఏడ్చినా ఏడవకపోయినా రాయి లేస్తుంది. దుఃఖం ఇంటిది, ఋణం ఊరిది. ఇందులో ఒక గొప్ప దయ ఉన్నది: ఏడవలేనివానికి కూడ తన వంతు నెరవేర్చే దారి దొరుకుతుంది.

ఇందులో క్రౌర్యం కూడ ఉన్నది. దానిని దాచడం న్యాయం కాదు. ఒకటి ఖర్చు. పశువులు, సారాయి, ఊరందరికీ భోజనం. పేదయింటివాడు పెద్దల ఋణం తీర్చబోయి షావుకారు ఋణంలో పడతాడు. చీనాలో మో త్సు అనే తత్త్వవేత్త రెండువేల నాలుగువందల యేండ్లకు పూర్వమే ఆడంబరమైన అంత్యక్రియలు దేశాన్ని దరిద్రం చేస్తున్నవని మండిపడినాడు. మన గ్రామాలలో పెదకర్మకు అప్పుచేసిన వారిని ఎరుగనివారెవరు? దీనికి మందు సులభం. చిన్న రాయి పాతవచ్చును. రెండవది అంత సులభం కాదు. అందరికీ రాయి లేదు. పులివాత పడినవారిని, పురిట్లో పోయిన స్త్రీలను, మశూచికంతో పోయినవారిని పెద్దలలో కలపకుండా వేరుగా ఉంచే ఆచారం ఉండేది. వారి ఆత్మ కలతపడినదని, ఊరికి కీడు చేస్తుందని భయం. ఎవరి చావు అందరికంటె దారుణమో వారికే పంక్తిలో చోటు లేదు! మనము నవ్వనక్కరలేదు. మన పిండాల లెక్క మూడు తరాలతో ఆగుతుంది. అందులో కొడుకు లేనివాడు ఎక్కడ, పెండ్లికాని పిల్ల ఎక్కడ?

పెద్దల పండుగలకు అసలు పరీక్ష ఇక్కడనే అని నాకు తోస్తుంది. తన తండ్రికి అన్నం పెట్టడంలో ప్రేమ ఉన్నది, కొంత స్వార్థమూ ఉన్నది; రేపు నాకు నా కొడుకు పెడతాడు. ఎవరికీ ఏమీ కాని ప్రేతకు పిడికెడు పెట్టడంలో మాత్రం ఆ లెక్క లేదు. చీనావారి ఏడవ నెల పండుగ అటువంటి దిక్కులేని ప్రేతలకోసమే. దాని వెనుక మన మౌద్గల్యాయనుని కథ ఉన్నది: ప్రేతలోకంలో ఆకలితో ఉన్న తల్లి నోటికి అతడు అందించిన అన్నం నిప్పయిపోయినదట; బుద్ధుని ఉపదేశం ప్రకారం భిక్షుసంఘానికంతటికీ పెట్టినప్పుడు గాని ఆమెకు విముక్తి కలుగలేదట. తల్లికి నేరుగా పెట్టినది చేరలేదు, పరులకు పెట్టినది చేరినది. మన తర్పణవిధిలో కూడ, అన్నీ అయిన తరువాత, వంశంలో పుత్రులు లేక పోయినవారికోసం తడిబట్టను పిండి ఆ నీటిని వదిలే ఘట్టమొకటి ఉన్నది. పురోహితుడు తొందరగా ముగించే ఘట్టం అది. పిండిన బట్టనీరు! ఇచ్చినది ఎంత తక్కువ! కాని మరచిపోలేదు.

కలకత్తా సమీపాన, హుగ్లీ ఒడ్డున అచిపూరు అనే చోట, పద్దెనిమిదవ శతాబ్దంలో ఆ గడ్డమీద మొట్టమొదట స్థిరపడిన చీనావాని సమాధి ఉన్నది. కలకత్తా చీనావారు ఏటా తమ సంవత్సరాది రోజులలో అక్కడికి పోయి సాంబ్రాణికడ్డీలు వెలిగిస్తారు. వారందరూ ఆయన సంతతివారు కారు. ముందుగా వచ్చి ఈ మట్టిలో కలిసినాడు గనుక పెద్ద అయినాడు.

మట్టి మాట వచ్చినది గనుక బస్తరుకు తిరిగి పోవలె. 2025 జనవరిలో అక్కడి ఒక గ్రామానికి చెందిన క్రైస్తవ మతబోధకుడొకరు మరణించినారు. తన పూర్వులను ఖననం చేసిన ఊరి శ్మశానంలోనే తండ్రినీ ఉంచుతానని కొడుకు అన్నాడు. గ్రామస్థులు వీలులేదన్నారు, సొంత పొలంలోనైనా సరే అంటే అదీ కూడదన్నారు. శవం ఆసుపత్రి శవాగారంలో ఉండిపోయినది. హైకోర్టులో అనుమతి దొరకక కొడుకు సుప్రీంకోర్టుకు వెళ్ళినాడు. ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులూ ఏకాభిప్రాయానికి రాలేకపోయినారు. సొంత భూమిలో ఖననం చేయనివ్వవలెనని ఒకరు, క్రైస్తవులకు నిర్ణయించిన స్థలంలోనే జరుగవలెనని మరొకరు. విషయాన్ని మరింత సాగదీస్తే శవం ఇంకా అట్లాగే ఉంటుందన్న తలంపుతో, జనవరి 27న, ఇరవై కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానంలో ఖననం జరిపించుమని ఇద్దరూ కలిసి ఆదేశించినారు. అప్పటికి ఇరవై దినాలు గడిచిపోయినవి.

గ్రామస్థులను మూర్ఖులని తోసివేయడం సులభం. నేను ఆ పని చేయను. రాళ్ళే వ్రాతపుస్తకంగా ఉన్న ఊరిలో శ్మశానం అంటే ఖాళీనేల కాదు. ఎవరు ఎవరికేమవుతారో తెలిపే వంశవృక్షం. ఆ పెద్దలకు మ్రొక్కనివాడు ఆ పెద్దలలో ఎట్లా చేరుతాడని వారు అడుగుతున్నారు. ప్రశ్న అర్థం లేనిది కాదు. కాని ఆ మట్టిలోనే అతని పూర్వులు కూడ ఉన్నారు గదా! మతం మారినంత మాత్రాన వారు అతనికి తాతలు కాకుండా పోయినారా? మ్రొక్కు మానుకొన్నవాడు మనుమడు కాడని పెద్దలు చెప్పినారా, లేక వారి పేర మనము చెబుతున్నామా? పోయినవారు నోరులేనివారు, వారి పేర మాట్లాడడంకంటె తేలికైన అధికారం లోకంలో లేదు. నా తీర్పు అడిగితే, వంశంలో బట్టనీరు పిండిపోసేవాడు ఎవనికి పోస్తున్నాడో అడగడని చెబుతాను. ఆ శవానికి ఊరిలో ఆరడుగుల చోటు ఉండవలసినది.

మరొక సంగతి. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత బస్తరులో ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయినాయి. వేలమంది సరిహద్దు దాటి ఖమ్మం, భద్రాచలం, తూర్పుగోదావరి అడవులలోనికి వచ్చిపడినారు. మనవారు వారిని గుత్తికోయ లంటారు. గిరిజనులకు ఆయుధాలిచ్చి పోరుకు దింపడం రాజ్యాంగవిరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది గాని, వచ్చినవారిలో ఎందరో తిరిగి పోలేదు. మన అడవులలో గుడిసెలు వేసుకొన్నారు. పట్టాలు లేవన్న కారణంతో ఆ గుడిసెలు కూలిన సందర్భాలు కూడ ఉన్నాయి. మిరపతోటలలో కూలికి పోతున్నారు. వారి రాళ్ళు ఇంద్రావతి అవతలనో, శబరి అవతలనో ఉండిపోయినాయి. బియ్యం వెంట తెచ్చుకోవచ్చును, పిల్లలను ఎత్తుకొని రావచ్చును, రాయిని ఎట్లా తెస్తారు? కొత్త బియ్యం ముద్ద ఏ దిక్కుకు చూపి పెడుతున్నారో! "మీరు ఎక్కడికి పోతారు?" అని గామవాడ వృద్ధుడు నన్ను అడిగిన ప్రశ్న ఆయన జాతివారికే తగులుతున్నది.

మా అమ్మ కూడ పోయినది. విస్తరి వేసేవారు ఇంట్లో లేరు. నేను తిరిగి ఆబ్దికం మొదలుపెట్టలేదు. జాబాలికి ఇంకా సమాధానం దొరకలేదు. తిథినాడు మాత్రం రెండు విస్తళ్ళు వేస్తున్నాను. గారెలు నాకు సరిగా రావు. మా అమ్మాయి విదేశంలో ఉన్నది. మొన్న ఫోనులో, తాతగారి తిథి ఈ యేడు ఇంగ్లీషు తేదీలలో ఎప్పుడు వస్తుందని అడిగినది. ఎందుకమ్మా అన్నాను. "ఊరికే, తెలిసి ఉంటే బాగుంటుందని" అన్నది. పంచాంగం తీసి చూచినాను. అక్కడి సూర్యోదయానికి తిథి ఒకరోజు తేడా వస్తున్నది. ఏ రోజు చెప్పవలెనో తోచక రెండు తేదీలూ వ్రాసి పంపినాను.